కొస మడిచిన సకినం

ఇటు దగ్గరికి జరుగు బిడ్డా, ఈ బట్ట అంచు తొక్కకుండా కూర్చో. చేతులు పనిలో ఉంటేనే నాకు మాట సాగుతుంది. ఇదిగో, నేను చుడుతున్న ఈ సకినాన్ని చూడు. చుట్లన్నీ అయ్యాక కొసను లోపలికి మడిచి గోటితో నొక్కాను, కనిపించిందా? మన వాడలో ఇంకెవరూ ఇలా మడవరు. ఈ మడత ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను, విను.

మెట్‌పల్లిలో రూతమ్మ అని ఒకావిడ ఉండేది. సర్కారు దవాఖానలో కాన్పుల వార్డు నర్సుగా చేసి రిటైరైంది. మనిషి మంచిదే కానీ అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే నీళ్ళు కలిపాడంటుంది, నవ్వకుండా పోస్తే నిన్నటి పాలంటుంది. చెల్లెలు మార్తమ్మతో కలిసి ఒక చిన్న ఇంట్లో ఉండేది. ఆదివారం ఇద్దరూ చర్చికి పోతారు. ప్రసంగం మొదలవగానే మార్తమ్మ తల వాలిపోతుంది. రూతమ్మ బైబిలు మీంచి కళ్ళు ఎత్తకుండానే చెల్లెలిని మోచేతి పైన గిల్లుతుంది. చిన్నప్పటి నుంచీ అదే గిల్లుడు, అదే చోట.

ఒకరోజు ఆ ఇంటికి నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ సుహాసిని వచ్చింది. ఊరి బయట కొత్తగా పెట్టిన కాలేజీ అది.

"మా పిల్లలు బొమ్మల మీద నేర్చుకుంటరమ్మా, స్కానింగ్ తెర మీద చూస్తరు. పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ ఎట్లున్నదో చెప్పమంటే మాత్రం దిక్కులు చూస్తరు. మీ చేతులల్ల ఉన్న విద్య మీతోనే ఆగిపోవద్దు. మా దగ్గర పెద్దల బ్లాక్ కట్టినం. గది, తిండి, డాక్టరు అన్నీ మావే. పొద్దున కాసేపు ఒక పిల్లకు మీ చేతులు అరువియ్యాలె, అంతే."

"అరువంటే తిరిగిస్తరా మరి?" అన్నది రూతమ్మ.

సుహాసిని నవ్వింది. రూతమ్మ నవ్వలేదు. ఊరికే గది ఇచ్చేవాళ్ళు ఊరికే ఎందుకు ఇస్తారని ఆ రోజంతా గొణిగింది. అయినా పోయింది. ఎందుకు పోయిందంటే, రిటైరైనప్పటి నుంచి ఆమె చేతులకు ఏమీ తోచడం లేదు. బస్సులో గర్భిణి పక్కన కూర్చుంటే ఆ చేతులు ఒళ్ళో నిలవవు. ఒకసారి ముక్కూ ముఖం తెలియని మనిషి పొట్ట తడిమి తిట్లు కూడా తిన్నది.

పోయేముందు చెల్లెలితో ఒక ఒప్పందం చేసుకుంది. "మార్తా, ప్రతి ఆదివారం సకినాల పిండి ఇంత ముద్ద పట్టుకరా. నీ ముందర ఒక సకినం చుడుత. అమ్మ నేర్పిన చుట్టు అది. అది తప్పిన్నాడు నా చేతులు పోతున్నయని లెక్క. ఆ పొద్దే నా పెట్టె సర్దు."

"గిదెక్కడి పరీక్షనే," అన్నది మార్తమ్మ. కానీ ముద్ద తేవడం మాత్రం మానలేదు.

కాలేజీలో పప్పు చిక్కగా ఉంది. రూతమ్మకు అది కూడా నచ్చలేదు. హాస్టలు పప్పు అంత చిక్కగా ఉంటే ఏదో మతలబు ఉన్నట్టే అనుకుంది.

మొదటి రోజు పొద్దున కాలేజీ దవాఖానకు ఒక గర్భిణి వచ్చింది. రూతమ్మ చేతులకు ఉల్లిపొరంత పలచటి తొడుగులు వేశారు. వాటి మణికట్టు దగ్గర నుంచి ఒక సన్నటి తీగ తెర అవతలికి పోయింది. అక్కడ ఒక విద్యార్థిని అలాంటి తొడుగులే వేసుకుని, దిండు మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. సన్నగా, ముడుచుకున్నట్టుండే ఆ పిల్ల పేరు అఖిల.

రూతమ్మ గర్భిణి పొట్ట మీద చేతులు ఆనించింది. పక్కల నుంచి మెల్లగా కిందికి జరిపి, పొత్తికడుపు దగ్గర రెండు చేతులతో పట్టింది. తెర అవతల దిండు మీద అఖిల చేతులు కూడా అలాగే జరిగాయి.

"సిస్టరమ్మా," అన్నది అఖిల, "గట్టిగ, గుండ్రంగ ఏదో తగులుతున్నది. తలనా?"

"తలనే. ఇప్పుడు పైకి పో. అక్కడ మెత్తగుంటది."

"ఉన్నది. మెత్తగున్నది."

రూతమ్మ నోరు తెరిచి చెప్పింది తక్కువ. చేతులు చెప్పిందే ఎక్కువ. కొన్ని వారాలకే అఖిల తొడుగులు లేకుండా ఇంకొక గర్భిణి పొట్ట పట్టి, "ఈమె బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నది," అన్నది. స్కానింగ్ తీస్తే నిజమే. ఆ తల్లిని వెంటనే పెద్ద దవాఖానకు పంపారు, బిడ్డ క్షేమంగా పుట్టింది. కాలేజీ అంతా అఖిలను మెచ్చుకుంది. రూతమ్మకు తన చేయి ఇంకొకరి భుజాలకు మొలిచినట్టు అనిపించింది. లోపల సంతోషమే. కానీ అంత సులువుగా ఎక్కే విద్య ఇంకేదో దింపుకుంటుంది కదా అని అనుమానం కూడా.

ఆదివారాలు సకినం మాత్రం చక్కగా వస్తూనే ఉంది. అలా వస్తూ వస్తూ, ఒక ఆదివారం మార్తమ్మ వంగి చూసి, "ఇదేందక్కా, సకినానికి మూతి కట్టినవ్?" అన్నది.

రూతమ్మ చూసుకుంది. కొస లోపలికి మడిచి ఉంది. గోటితో నొక్కిన గుర్తు కూడా ఉంది. తను నొక్కినట్టే తెలియదు. దాన్ని చెరిపి మళ్ళీ చుట్టింది. చుట్టు చుట్టుకూ కళ్ళు పెట్టి చూసింది. కొస దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆమెను అడగకుండానే మడిచి నొక్కేశాయి.

"అయిపోయింది మార్తా. పీల్చేస్తున్నరు నన్ను."

"ఆగక్కా. పీల్చితే చుట్టు పోవాలె గని, కొత్త మడత యాడికెళ్ళి వస్తది? దొంగ ఇంట్ల వడి సామాను పెట్టిపోతడా?"

 మార్తమ్మ సకినాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది. వాళ్ళు చిన్నప్పుడున్న వాడలో ప్రతి గడప ముందూ ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని తునికాకుతో బీడీలు చుట్టేవారు. "అక్కా, ఇది బీడీ మూతి మడిచే తీరు. ఒట్టు. నువ్వెప్పుడు బీడీలు చేసినవ్?"

"నేనెందుకు చేస్త? నాయిన తునికాకు ముట్టనిచ్చిండా మనల?"

అప్పుడు రూతమ్మ అనుమానం కాలేజీ మీద నుంచి లేచి అఖిల మీద వాలింది. ఈ పిల్ల తన చేతులు తీసుకుని, తన చేతుల్లో ఏదో పెడుతోంది. ఏం పెడుతోంది, ఎందుకు పెడుతోంది? మరునాడు కాలేజీ వంటావిడ పోసవ్వ దగ్గరికి పోయింది. పోసవ్వ అత్త బీడీలు చేస్తుంది. ఆమె దగ్గర నుంచి తడిపిన తునికాకులు, కొంచెం తంబాకు, దారం తెప్పించుకుంది. మధ్యాహ్నం అందరూ తినిపోయాక అఖిలను క్యాంటీన్‌లోకి పిలిచి అవన్నీ ముందు పెట్టింది.

అఖిల ముఖం మాడిపోయింది. "మేం బీడీలు చేస్తమని మీకెవరు చెప్పిన్రు?"

"నీ చేతులే చెప్పినయ్. ఒకటి చుట్టు, చూస్త."

"ఎవరితోని అనకుండ్రి సిస్టరమ్మా. క్లాసుల నవ్వుతరు." అని ఆకు తీసుకుంది. చుట్టబోతే ఆకు చీలింది. ఇంకొకటి తీసుకుంటే తంబాకు ఒళ్ళో పడింది. మూడోది చుట్టు నిలవనే లేదు. అఖిల తన వేళ్ళను చూసుకుని నవ్వింది. "చిన్నప్పటి నుంచి అమ్మతోని కూర్చొని చేసిన. ఎట్ల మర్చిపోయిన? పోనీ, మంచిదే అయింది. ఆ వాసన పోవాలనే గదా సదువుకు వచ్చింది."

"అమ్మ ఏం చేస్తున్నది ఇప్పుడు?"

"లేదు. పోయినేడు జ్వరమొచ్చి పోయింది."

 రూతమ్మ ఒక ఆకు తన చేతిలోకి తీసుకుంది. ఏ రోజూ బీడీ చుట్టని ఆ చేతులు ఆకును తిప్పి, తంబాకు పరిచి, చక్కగా చుట్టేశాయి. కొస మడిచి గోటితో నొక్కేటప్పుడు ఆమె ఉలిక్కిపడింది. తన చేతి వెనక ఇంకొక చేయి ఉంది. కంటికి కనపడదు. కానీ గరుకైన అరచేయి, వెచ్చగా, ఇలా మడువు అన్నట్టు తన వేళ్ళను నెమ్మదిగా వంచుతోంది. ఆ చేతి బొటనవేలికి పాత గాటు ఒకటి గట్టుకట్టినట్టు తగులుతోంది. పురిటి మంచం దగ్గర ఎందరి చేతులు పట్టుకుందో రూతమ్మ. ఆ చేతుల్లో ఏదీ కాదిది.

"బిడ్డా," అన్నది మెల్లగా, "మీ అమ్మ బొటనవేలికి గాటు ఉండెనా?"

అఖిల ఆలోచించింది. నవ్వు కొంచెం కొంచెంగా ముఖం మీంచి దిగిపోయింది. ఫోన్ తీసి తల్లి ఫొటో చూసింది. అందులో ఆమె చేతులు కొంగు చాటున ఉన్నాయి. "యాదికొస్తలేదు. ముఖం యాదున్నది. చెయ్యి యాదికి వస్తలేదు."

కోరుట్లలో ఉండే పెద్దమ్మకు అక్కడి నుంచే ఫోన్ కలిపింది. పెద్దమ్మ గొంతు క్యాంటీనంతా వినిపించింది. "గాటా? నువ్వే గదనే చేసింది. ఆకు కత్తిరిస్తుంటే పోయి కత్తెర గుంజినవ్, చిన్న పోరివి. ఆ గాటు మానినంక సుత దాన్ని తడుముకుంటనే పండుకుంటివి, పెద్ద పోరివైనా. మీ అమ్మను ఎంత ఎక్కిరిద్దుమో. గిప్పుడెందుకు అడుగుతున్నవ్?"

అఖిల ఫోన్ పెట్టేసింది. ఏడవలేదు. తన రెండు చేతులనూ ఎవరో మరిచిపోయి వదిలేసిన వస్తువుల్లా చూసింది. "ఏడుపు సుత వస్తలేదు సిస్టరమ్మా. పోయినట్టే తెలుస్తలేదు నాకు. మీరు చెప్పకపోతే ఎన్నటికీ తెలువకపోవు."

ఆ మాట రూతమ్మ గుండెలో ముల్లులా దిగింది. పోయినట్టే తెలియదంటే, మరి తన దగ్గర నుంచి ఏం పోయింది? ఎవరిని అడగాలి? ఆదివారం చర్చి నుంచి వస్తూ చెల్లెలిని ఆపింది.

"మార్తా, నేను చెయ్యక మానేసినయ్ ఏమన్న ఉన్నయా?"

"ఉన్నది. గిల్లుడు."

"ఏం గిల్లుడు?"

"ఏం గిల్లుడంటవేందే? ప్రసంగంల నన్ను గిల్లుతుంటివి గద, పుట్టినప్పటి నుంచి. ఈ నడుమ గిల్లుతలేవు. కాలేజీల ఉండి మర్యాద నేర్చినవనుకున్న. నేను సుత హాయిగ నిద్రపోతున్న." మార్తమ్మ నవ్వుతూనే అక్క ముఖం చూసి నవ్వు ఆపింది.

"నేను నిన్ను ఎప్పుడు గిల్లిన?" అన్నది రూతమ్మ. హాస్యం కాదు, నిజంగానే అడిగింది.

మార్తమ్మ రవిక చేయి పైకి లాగి చూపించింది. ఎన్నో ఏళ్ళ గిల్లుళ్ళకు మోచేతి పైన చర్మం నల్లబడి ఉంది. రూతమ్మ ఆ మచ్చను తాకి చూసింది. ఎవరో రాసిన ఉత్తరాన్ని చదువు రానివాళ్ళు చూసినట్టు చూసింది.

ఆ మరునాడే అఖిలను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి పోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తీగ రెండు దిక్కుల పోతదని నీకు తెలుసా మేడమ్?"

సుహాసిని అబద్ధం ఆడలేదు, అదొక్కటి ఆమెలో మంచి. కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "కొత్తది కూర్చోవాలంటే చేతులకు చోటు కావాలమ్మా. పాతది ఏదో పక్కకు జరుగుతది. అట్ల జరిగింది తీగల పడి అవతలి చేతులకు చేరుతది. మొదటి బ్యాచ్‌ల ఒక అబ్బాయి ఈత మర్చిపోయిండు."

"మర్చిపోయిండని ఎట్ల తెలిసింది?"

"చెరువుల దుంకినంక తెలిసింది. ఒడ్డున ఉన్నవాళ్ళు బయటికి గుంజిన్రు, బతికిండు." ఆమె బల్ల మీది కాగితాలు సర్దింది. "ఆ తర్వాత జాగ్రత్త పెంచినం. పనికిరానివే పోతున్నయనుకున్నం. ఎదురుకాళ్ళ బిడ్డ బతికింది కదమ్మా. దాని ముందర బీడీ చుట్టుడెంత?"

 ఆ బిడ్డ నిజంగానే బతికింది, అది రూతమ్మకూ తెలుసు. తక్కెడలో ఒక వైపు బిడ్డ ప్రాణం పెడితే రెండో వైపు ఏం పెట్టగలరు ఎవరైనా?

"తొడుగులు తిప్పి వేసుకుంటే?" అన్నది చివరికి. "ఈ పిల్లది నా దగ్గరున్నది. తిరిగిస్త."

"అప్పుడు పొట్ట పట్టే విద్య ఆమె దగ్గర నుంచి జరిగిపోతది. ఏదో ఒకటేనమ్మా."

అప్పటిదాకా గోడను ఆనుకుని నిలబడ్డ అఖిల నోరు తెరిచింది. "నాకు రెండూ కావాలె."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. "నాకు ఈ పని కావాలె, మేడమ్. మా అమ్మ చెయ్యి సుత కావాలె. ఏది పోతదో నన్ను ఎవరూ అడగలే. అడిగితే నేను చెప్పకపోతునా?"

రూతమ్మ ఆ పిల్ల భుజం మీద చేయి వేసి ప్రిన్సిపాల్‌తో అన్నది, "మా హెడ్ సిస్టర్ నాకు తొడుగులు లేకుంటనే నేర్పింది. నా చెయ్యి కింద, ఆమె చెయ్యి పైన. ఏండ్లు పట్టింది. రిటైరై పోయేనాటికి ఆమె దగ్గర ఏం తక్కువ కాలే, నా దగ్గర ఉన్నది పోలే."

"అంత టైం ఎక్కడున్నదమ్మా మాకు? పిల్లలు చదువు అయిపోంగనే పోతరు."

"నీకు లేదు. నాకున్నది. రిటైరైనోళ్ళ దగ్గర ఉండేది అదే గద, నువ్వు అది ఇడిసిపెట్టి చేతులు అడిగినవ్."

 తొడుగులు వేసుకోనివాళ్ళకు గది ఇవ్వడానికి నియమం లేదన్నది సుహాసిని. నీ గది నువ్వే ఉంచుకో, కాలేజీ బస్సు మెట్‌పల్లి చౌరస్తాలో ఆపమని చెప్పు చాలన్నది రూతమ్మ. పెట్టె సర్దుకుని చెల్లెలి ఇంటికి వచ్చేసింది. బస్సు ఆపుతారని ఆమెకు నమ్మకం లేదు. కానీ పొద్దున చౌరస్తాలో నిలబడితే బస్సు ఆగింది. ఎందుకు ఆగిందా అని దారి పొడుగునా అనుమానపడింది.

అప్పటి నుంచి దవాఖానలో ఆమె పాఠం ఇలా నడిచింది. గర్భిణి పొట్ట మీద విద్యార్థి చేయి, దాని మీద రూతమ్మ చేయి. చాలా నెమ్మది. ఒక్కో పిల్లకు తలేదో పిరుదేదో తెలిసేసరికి నెలలు పట్టేది. తొడుగుల పాఠం దొరికిన పిల్లలు తెర అవతల నుంచి చూసి నవ్వుకునేవారు. కొందరు మాత్రం, మా నుంచి ఏం పోయిందో ఎట్ల తెలుసుకోవాలని చాటుగా వచ్చి అడిగేవారు. ఇంటికి ఫోన్ చేసి మీవాళ్ళను అడుగుండ్రి అని చెప్పేది. అడిగినవాళ్ళలో కొందరు మళ్ళీ తొడుగులు ముట్టలేదు.

పాఠం అయ్యాక రూతమ్మ, అఖిల క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చునేవారు. ఆకు మీద అఖిల చేయి, దాని మీద రూతమ్మ చేయి. తన చేతులకు చేరిన చుట్టుడును అదే దారిలో వెనక్కి నడిపించాలని ఆమె తంటా. ఆకులు చీలుతూనే ఉన్నాయి. పోసవ్వ విసుక్కుంటూనే ఆకులు తెస్తోంది. ఒక మధ్యాహ్నం కొస మడిచే దగ్గర అఖిల వేళ్ళు ఆగిపోయాయి. రూతమ్మ చేయి తీయబోయింది.

"తియ్యకు," అన్నది అఖిల. "గట్లనే ఉంచు."

ఉంచింది. పిల్ల కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి తునికాకు మీద పడ్డాయి. ఆకు చీలకుండా కొస మడతలోకి పోయింది. అఖిల బొటనవేలు రూతమ్మ బొటనవేలిని వెతుక్కుంటూ వచ్చి, గాటు ఉండవలసిన చోట తడిమింది. అక్కడ నున్నగానే ఉంది. అయినా తడుముతూనే ఉంది.

అది తల్లి చేయి తిరిగొచ్చినట్టా, తల్లి చోట్లో రూతమ్మ చేయి కూర్చున్నట్టా? అనుమానం పుట్టుకతో వచ్చిన మనిషి కదా, రూతమ్మ బతికినన్నాళ్ళూ దాన్ని తేల్చుకోలేకపోయింది. కానీ ఆ మధ్యాహ్నం మాత్రం అడగలేదు. అడగకుండా ఆమె ఉండగలగడం అదే మొదటిసారి.

ఆ క్రిస్మస్‌కు అఖిల అక్కాచెల్లెళ్ళ ఇంటికే వచ్చింది. ముగ్గురూ బట్ట పరిచి సకినాలు చుట్టారు. కొసలన్నీ మడిచినవే. ఆ మడతే చేతి నుంచి చేతికి నా దాకా వచ్చింది. "ఇవి సకినాలా, బీడీ కట్టలా? చర్చి అయ్యగారికి ఎట్ల పెడుదుం?" అని మార్తమ్మ దెప్పుతూనే ఉంది. చర్చిలో ప్రసంగం మొదలయ్యాక మాత్రం ఆమె నిద్రపోలేదు. అక్క వేళ్ళను తీసుకుని తన మోచేతి పైన మచ్చ మీద పెట్టి, "ఈడ పట్టు, గిట్ల తిప్పు," అని చెవిలో నేర్పించింది. రూతమ్మ మెత్తగా పట్టింది. "గది గిల్లుడా? గట్టిగ," అన్నది మార్తమ్మ. వెనక వరసలో వాళ్ళు దగ్గారు.

ఆ తొడుగులు ఆగిపోలేదు బిడ్డా, అది కూడా తెలుసుకో. పెద్దల బ్లాకు పైన ఇంకో అంతస్తు వేశారు. వేరే ఊళ్ళ కాలేజీలవాళ్ళు కార్లలో వచ్చి చూసిపోయారు. ఎవరైనా నీ దగ్గరికి వచ్చి నీకు మంచి విద్య క్షణంలో ఇస్తామంటే, కాదనకు, వెంటనే అవుననకు. ముందు ఇంటికి వచ్చి నీ వాళ్ళను అడుగు, నీ దగ్గర ఏమేం ఉన్నాయో చెప్పించుకో. పోయాక మనకు తెలియదు. తెలిసేది పక్కన కూర్చున్నవాళ్ళకే.

ఇదిగో ఈ సకినం నువ్వు చుట్టు. నీ చేయి కింద పెట్టు, నా చేయి పైన పెడతాను. కొస దగ్గర తొందరపడకు. కథ నీకు చెప్పేశాను, నా దగ్గర నుంచి ఒక్క ముక్క తరగలేదు, చూశావు కదా. యాది పెట్టుకుని ఇంకొకరికి చెప్పు. ఏదో ఒక రోజు నేను కొస మడవకుండా వదిలేస్తే, ఈ కథ నాకే చెప్పు.